చావు సెలవుల రిజిస్టరు

కఫుయి అమెతెపే మా విశ్వవిద్యాలయంలో పద్నాలుగేళ్ళు విదేశీ సంబంధాల అధికారిగా పనిచేసింది. ఆ పద్నాలుగేళ్ళలో అరవై ఒక్క ఒప్పందాల మీద సంతకాలు పెట్టించింది. నార్వేతో ఒకటి, కొరియాతో మూడు, టర్కీతో రెండు, కెనడాతో ఎన్నో నాకిప్పుడు గుర్తు లేదు. ఒక్కో ఒప్పందానికి ఒక్కో ఫోటో. అన్నిట్లోనూ ఇద్దరు పెద్దమనుషులు చేతులు కలిపి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కెమెరాని చూస్తుంటారు. వాళ్ళ వెనక, పెన్ను మూత పట్టుకుని, కఫుయి నిలబడి ఉంటుంది. వాటిని గోడ వెంట వరసగా చూసుకుంటూ పోతే ఆమె జుట్టు నెరుస్తూ రావడం తెలుస్తుంది. ఇంకేమీ తెలియదు.

ఆ ఒప్పందాల పుణ్యాన మా దగ్గరినుంచి ఇద్దరు బయటికి వెళ్ళారు. ఇద్దరూ తిరిగి రాలేదు. బయటినుంచి ఒకడు వచ్చాడు, ఫిన్లాండు కుర్రాడు. మూడు వారాలుండి, మలేరియా తగిలించుకుని, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి వెళ్ళిపోయాడు. వార్షిక నివేదికల్లో మాత్రం ఆ తరవాత నాలుగేళ్ళు మా దగ్గరే చదువుకున్నాడు.

నేను అక్కడ గ్రంథాలయం చూసుకునేవాణ్ణి. మధ్యాహ్నం అక్‌ప్లే ముద్ద, బెండకాయ పులుసు తిన్నాక కఫుయి వచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర అరగంట కూచునేది. ఏదో ఒకటి చదివేది. ఆమె గురించి నాకు తెలిసినదంతా ఆ అరగంటల్లో తెలిసిందే.

ఆమె పుట్టింది కోజోకోఫేలో. మా విశ్వవిద్యాలయం ఉన్న అవెతోమేకి మూడు మైళ్ళు. అవెతోమే ఘనాలో ఉంది, కోజోకోఫే టోగోలో ఉంది. మధ్యలో రోడ్డుకి అడ్డంగా ఒక ఇనుప గొట్టం ఉంటుంది. దాన్ని పొద్దున ఆరింటికి లేపుతారు, సాయంత్రం ఆరింటికి దించుతారు. దించాక జనం పక్కనున్న మొక్కజొన్న చేలోంచి నడుస్తారు. కాపలావాడు కూడా డ్యూటీ దిగి ఆ చేలోంచే ఇంటికి పోతాడు.

కఫుయి తల్లి మొక్కజొన్న పిండితో అబొలో చేసి, ఆకుల్లో చుట్టి, ఆవిరి మీద ఉడికించి మా సంతలో అమ్మేది. కూతుర్ని చిన్న బడి అటువైపు చదివించింది, ఎందుకంటే అది ఇంటికి దగ్గర. పెద్ద బడి ఇటువైపు చదివించింది, ఎందుకంటే అది సంతకి దగ్గర. అందువల్ల ఆ పిల్లకి ఫ్రెంచీ వచ్చింది, ఇంగ్లీషూ వచ్చింది. ఇంట్లోనూ, సంతలోనూ, పెళ్ళిలోనూ, పోట్లాటలోనూ రెండువైపులా మాట్లాడేది మా ఎవె భాషే కాబట్టి ఆ రెండూ బడికి మాత్రమే పనికొచ్చేవి.

ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసినప్పుడు ఫ్రెంచిలో ఏదైనా మాట్లాడమన్నారట. ఆమె ఏడో ఎక్కం అప్పజెప్పింది. ఎంపిక సంఘంలో ఎవరికీ ఫ్రెంచి రాదు. చాలా బాగుందని తీసుకున్నారు.

గది ఇచ్చిన మొదటి వారం తల్లి చూడటానికి వచ్చింది. తలమీద అబొలో గంప దింపకుండానే లోపలికి వచ్చి, బల్లనీ, కుర్చీనీ, తలుపు మీద కూతురి పేరునీ చూసింది. ఆ పేరు చదవలేదు గానీ ఎన్ని అక్షరాలున్నాయో వేలితో లెక్కపెట్టుకుంది. "ఇది ఎవరిదే?" అంది. "నాదే అమ్మా." "ఎవరూ వచ్చి లేవమనరు కదా?" "అనరు." అప్పుడు గంప దింపి కూచుంది. ఈ సంగతి కఫుయి నాకు రెండుసార్లు చెప్పింది. మామూలుగా ఆమె ఏదీ రెండోసారి చెప్పదు.

ఆ గదినుంచి లేవమనే రోజు ప్రొఫెసర్ సెనాను క్పోడో వైస్ ఛాన్సలర్‌గా వచ్చాక వచ్చింది.

ఆయన చెడ్డవాడు కాదు. ఆఫ్రికా ఉన్నత విద్యని అంతర్జాతీయం చెయ్యడం ఎలా అన్నదాని మీద ఆయన నైరోబీలో, కిగాలీలో, డకార్‌లో, ఇంకా స్విట్జర్లాండులో కూడా ప్రసంగాలు చేశాడు. ప్రతి సభలోనూ మెడలో వేసిన పట్టీ బిళ్ళని జాగ్రత్తగా తెచ్చుకుని గదిలో మేకుకి తగిలించేవాడు. పంతొమ్మిది ఉండేవి. ఫ్యాను వేస్తే అవన్నీ ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యేది. అందుకని ఆయన ఫ్యాను వేసుకునేవాడు కాదు.

ఒకరోజు కఫుయిని పిలిచాడు.

"మేడమ్, మనకి విదేశీ విద్యార్థులు ఎంతమంది?"

"ఇవాళా, ప్రొఫ్?"

"ఇవాళే."

"ఇవాళ లేరు."

"నిన్న?"

"నిన్న కూడా ఇవాళలాగే గడిచింది."

ఆయన నవ్వలేదు. రాజధానిలో కొత్త గుర్తింపు మండలి ఒకటి పుట్టిందని చెప్పాడు. పూర్తి హోదా కావాలంటే ప్రతి విశ్వవిద్యాలయంలోనూ నూటికి ఇద్దరు విదేశీయులుండాలి. మాకు నాలుగు వేల రెండు వందల మంది. అంటే ఎనభై నలుగురు. నవంబరులో తనిఖీకి వస్తారు. అప్పటికి లేకపోతే హోదా రాదు. విదేశీయులు లేనిచోట విదేశీ సంబంధాల కార్యాలయం దేనికని దాన్నీ ఎత్తేస్తారు.

"మీ సర్వీసు ఇంకా ఎంత ఉంది?"

"నాలుగేళ్ళు."

"మంచి వయసు," అన్నాడు ఆయన, దేనికో చెప్పకుండా.

కఫుయి అరవై ఒక్క చోట్లకీ ఉత్తరాలు రాసింది. తొమ్మిది చోట్లనుంచి జవాబులొచ్చాయి. కొరియావాళ్ళు క్యాలెండరు పంపారు. నార్వేలో పాత అధికారి రిటైరయ్యాడట, కొత్తావిడ మీరెవరని అడిగింది. టర్కీవాళ్ళు మరో ఒప్పందం చేసుకుందామన్నారు.

"అన్నా," అంది ఒక మధ్యాహ్నం నాతో, పుస్తకం తెరవకుండానే. "ఎనభై నాలుగు మందిని ఎక్కణ్ణుంచి తేను?"

"దరఖాస్తుల్లో చూశావా? ఎవరైనా నైజీరియా పిల్లో, బెనిన్ పిల్లాడో తెలియకుండా ఉన్నారేమో."

"చూశాను. నాలుగు వేల రెండు వందల ఫారాలూ చూశాను. సొంతూరు అన్న గడిలో అందరూ ఘనా ఊళ్ళే రాశారు. ఒక్క సంగతి మాత్రం వింతగా ఉంది. సంత వెనక టైలరు తాత లేడూ, అగ్బెవె తాత? ఆయన ఇంటి చిరునామాతో నలభై ముగ్గురున్నారు."

"ఆయనకి రెండు గదులే కదా."

"రెండే. ఒకదాంట్లో కుట్టుమిషన్లు."

నాకు అగ్బెవె తాత తెలుసు, ఆ నలభై ముగ్గురిలో సగంమంది తెలుసు, వాళ్ళు పొద్దున్నే ఏ దారిన వస్తారో తెలుసు. ఆమెకీ తెలుసు. తెలిసిన సంగతి ఇద్దరికీ తట్టలేదు. కోజోకోఫే విదేశమని మాకు ఎవరూ చెప్పలేదు. అంటే చెప్పారు, బళ్ళో మ్యాపు మీద చూపించారు. కానీ విదేశమంటే విమానం ఎక్కాలి, చలి వెయ్యాలి, తిండి పడకపోవాలి. గొట్టం కింద వంగి వెళ్ళే చోటుని ఎవరు విదేశమనుకుంటారు?

ముందు తట్టింది నాకే. ఆ సంగతి ఇప్పటికీ నాకు గర్వంగా లేదు.

"సొంతూరు తెలియాలంటే దరఖాస్తులు కాదు చూడాల్సింది," అన్నాను. "చావు సెలవుల రిజిస్టరు చూడాలి."

మా దగ్గర చావంటే శుక్రవారం, శనివారం, ఆదివారం. విద్యార్థి సెలవు కావాలంటే నోటితో చెబితే సరిపోదు, పోస్టరు తేవాలి. పోయినవాళ్ళ పెద్ద రంగుల ఫోటో, వయసు, పిల్లలూ మనవలూ మునిమనవల పేర్లు, ఏ రోజు జాగరణ, ఎప్పుడు ప్రార్థన, ఎక్కడ పూడుస్తారు, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని నాలుగు మడతలు పెట్టి రిజిస్టరులో అంటిస్తారు. అలా మూడేళ్ళవి పదకొండు రిజిస్టర్లు, ఒక్కొక్కటి దిండంత లావున, గ్రంథాలయంలో కింది అరలో పడేసి ఉన్నాయి. మనిషి దరఖాస్తులో ఏమైనా రాస్తాడు. పోస్టరులో రాయలేడు. మా వాళ్ళని ఎక్కడ పూడుస్తారో అదే మా ఊరు, ఆ ఊరు తప్పు రాస్తే జనం తప్పుచోటికి వెళ్తారు, వండినదంతా వృథా అవుతుంది.

కఫుయి మూడు వారాలు ఆ బల్ల దగ్గర కూచుని తొమ్మిది వందల ఎనభై మంది చనిపోయినవాళ్ళని చూసింది. ఒక్కో మడత విప్పేది, మొహం చూసేది, ఊరు చూసేది, విద్యార్థి పేరు కాగితం మీద రాసుకునేది, మళ్ళీ మడిచేది. చాలామంది ఆమెకి తెలిసినవాళ్ళే. "అయ్యో, ఈవిడ పోయిందా," అనేది అప్పుడప్పుడు. "మా అమ్మ దగ్గర అరువుకి తినేది." ఒక మనవడు ఒకే నాయనమ్మని మూడుసార్లు పూడ్చాడు. అన్నిసార్లూ అటువైపే పూడ్చాడు కాబట్టి కఫుయి అతన్ని ఒకటిగానే లెక్కవేసింది.

మొత్తం మూడు వందల పన్నెండు మంది వచ్చారు.

ఆ సంఖ్య విని క్పోడో కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నూటికి ఏడుగురు పైన! మేడమ్, పశ్చిమాఫ్రికాలో ఇంత నిష్పత్తి ఎవరికీ ఉండి ఉండదు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"వాళ్ళు విదేశీయులని నాకు తెలియదు ప్రొఫ్."

"నాకూ తెలియదు," అన్నాడు ఆయన సంతోషంగా. తరవాత ఫ్యాను వేశాడు. బిళ్ళలు గలగలలాడాయి.

మండలి నిబంధనల పుస్తకం ఆయన బల్ల మీదే ఉంది. ఆ రాత్రే చదివి ఉంటాడు, ఎందుకంటే మర్నాడు ఫ్యాను ఆగిపోయి ఉంది. సంఖ్య ఒక్కటే ఇస్తే సరిపోదు. పేర్లు కావాలి, పాస్‌పోర్టులు కావాలి. విదేశీ విద్యార్థి అన్నవాడు నాలుగింతల ఫీజు కట్టాలి, రాజధానికి వెళ్ళి చదువు అనుమతి తెచ్చుకోవాలి. ఇక విదేశీయుడై ఉండి దరఖాస్తులో దేశీయుడని రాసినవాడి ప్రవేశం రద్దు.

"రద్దు అంటే?" అంది కఫుయి.

"రద్దంటే రద్దే."

"మూడు వందల పన్నెండు మందా?"

"అంతమంది ఉండరు. కొంతమందికి రెండు పౌరసత్వాలూ ఉండొచ్చు, నిరూపించుకోవచ్చు. మనం మర్యాదగానే చేద్దాం. ఒక్కొక్కరినీ పిలిచి టీ ఇచ్చి చెబుదాం." ఆయనకి నిజంగానే బాధగా ఉంది. "చూడండి, హోదా వస్తే లాభపడేది నాలుగు వేల మంది. మీ గది మీకుంటుంది. జాబితా సిద్ధం చెయ్యండి. శుక్రవారం నాటికి ఇవ్వండి."

ఇలాంటివి అవెతోమేలో దాగవు. బుధవారం పొద్దున కఫుయి గది తలుపు తట్టి అబ్లావి త్సోగ్బే లోపలికి వచ్చింది. మంత్రసాని విద్యలో మూడో ఏడు పిల్ల. అగ్బెవె తాత ఇంటి చిరునామావాళ్ళలో ఒకతి. ఆయన ఆ పిల్లకి మేనమామ, అంతవరకూ నిజమే. తల్లి ఇనుప గొట్టం పక్కన అబొలో అమ్ముతుంది, కఫుయి తల్లి పోయాక ఆ గంప ఆవిడే కొనుక్కుంది.

"అక్కా, నేను విదేశీయురాలినట కదా."

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు. మా అమ్మకి చెబితే సంబరపడింది. మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ విదేశాలకి వెళ్ళలేదుగా. ఎప్పుడు బయల్దేరావే అని అడిగింది. పొద్దున ఆరున్నరకి అన్నాను."

"కూచో."

"విదేశీయులకి కుర్చీ వేస్తారా? నాకెవరూ ఫోటో తియ్యలేదే." గోడవైపు చూసింది. "వీళ్ళందరూ ఎవరక్కా?"

"మనతో ఒప్పందాలున్నవాళ్ళు."

"వీళ్ళ పిల్లలు మన దగ్గర చదువుకుంటారా?"

"లేదు."

"మరి నేను చదువుకుంటున్నానుగా. నాతో ఒప్పందం చేసుకోకపోయావా? పెన్ను మూత నేనే పట్టుకునేదాన్ని."

అబ్లావి ఇంకా నవ్వుతూనే ఉంది గానీ చేతులు గౌను జేబుల్లో బిగుసుకుని ఉన్నాయి.

"ఎనిమిది నెలలుంది అక్కా. ఇరవై కాన్పులు చెయ్యాలి, పదమూడు చేశాను. తీసేస్తే ఆ పదమూడూ లెక్కలోకి రావు. మళ్ళీ మొదటినుంచి చెయ్యనివ్వరు."

"తెలుసు."

"మరి రాస్తావా నా పేరు?"

"రాశాను," అంది కఫుయి. "మూడు వారాల కిందటే రాశాను."

అబ్లావి నవ్వడం ఆపేసింది. "అయితే మా అమ్మమ్మ చావుకి నువ్వెందుకు వచ్చావు? మూడు రోజులూ ఉన్నావు. మా ఇంట్లో తిన్నావు. అప్పుడు రాసుకున్నావా?" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. తలుపు మెల్లిగా వేసింది, అది ధడాలున వేసినదానికంటే ఎక్కువ వినిపించిందని కఫుయి ఆ మధ్యాహ్నం నాతో అంది.

ఆ మధ్యాహ్నం ఆమె ఏమీ చదవలేదు. మండలి ఫారం తీసి మొదటినుంచి చివరిదాకా చూసింది. ఆరో గడి విదేశీ విద్యార్థులది. ఏడో గడి విదేశీ సిబ్బందిది. దాన్ని అంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు. నూటికి ఒక్కరుంటే చాలు, అదనపు మార్కులు.

"అన్నా, సిబ్బంది చావు సెలవుల రిజిస్టరు కూడా నీ దగ్గరే ఉందా?"

ఉంది. పలచటిది, ఒక్కటే. పావుగంటలో అయిపోయింది. ఆమె రాస్తున్నంతసేపూ నేను తల తిప్పి చూడలేదు. రాయడం అయ్యాక కాగితం నావైపు తిప్పింది. అందులో నా పేరు కూడా ఉంది. ఆరోది.

శుక్రవారం క్పోడో గదిలో జరిగింది ఆమె చెప్పగా విన్నదే. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేరు చదివాడట. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివాడట.

"ఇది నా పేరు."

"అవును ప్రొఫ్. ఏడో గడి. హోదా వరసలో రాశాను."

"నేను ఘనా మనిషిని. నా పాస్‌పోర్టు ఘనాది. మా నాన్న ముప్ఫై ఏళ్ళు ఇక్కడ రైల్వేలో పనిచేశాడు."

"ఆయన్ని ఎక్కడ పూడ్చాం ప్రొఫ్?"

క్పోడో మేకుకున్న బిళ్ళలవైపు చూశాడు.

"యూనివర్సిటీ బస్సు రెండు ట్రిప్పులు వేసింది. పోస్టరులో ఊరు పెద్దక్షరాలతో ఉంది. కోజోకోఫే దాటాక రెండో ఊరు."

"అది మా ఊరు. మావాళ్ళందరూ అక్కడే ఉన్నారు. ఇంకెక్కడ పూడుస్తాం?"

"ఆ మూడు వందల పన్నెండు మందీ అదే అంటారు ప్రొఫ్."

"మీరు నన్ను బెదిరిస్తున్నారా మేడమ్?"

"లేదు ప్రొఫ్. ఫారం నింపుతున్నాను. పిల్లలకి ఒక కొలత, మనకి ఒక కొలత అని అందులో ఎక్కడా లేదు. రెండుసార్లు చదివాను."

ఆయన కాగితం కిందిదాకా చూశాడు. "నాలుగో పేరు మీది."

"అవును. మా అమ్మ అక్కడే ఉంది."

ఆయన జాబితాని మడిచి ఆమెకే తిరిగి ఇచ్చాడు. "ఇది నేను చూడలేదు," అన్నాడు. తరవాత, "కానీ నవంబరులో సంఖ్య అడుగుతారు. అడిగేది మిమ్మల్ని. అది మీ కార్యాలయం. అబద్ధం చెప్పమని నేను చెప్పను. నిజం చెప్పమనీ చెప్పను."

"ఇంకేం చెప్పను ప్రొఫ్?"

"అది మీ నిర్ణయానికే వదిలేస్తున్నాను. కింది ఉద్యోగికి నిర్ణయాధికారం ఇవ్వడం గురించి నేను కిగాలీలో మాట్లాడాను." ఆయన నిబంధనల పుస్తకాన్ని పక్కకి జరిపాడు. "సున్నా అంటే మాత్రం మీ గది పోతుంది. దాన్ని ఆపడం నా చేతుల్లో లేదు. నిజంగా లేదు."

ఆమె ఆ మాట నమ్మింది. నేనూ నమ్మాను.

నవంబరు రెండో వారంలో మండలి తరఫున డాక్టర్ ఒఫోరివా వచ్చింది. రాజధాని మనిషి, ఎవె రాదు, చాలా శ్రద్ధగల మనిషి. మరుగుదొడ్ల కుళాయిలు కూడా తిప్పి చూసింది. గ్రంథాలయంలో నా కార్డుల పెట్టెలు నాలుగు లాగి చూసి, దుమ్ము లేదని రాసుకుంది. నేను కూడా వెంట నడిచాను, ఎందుకంటే క్పోడో అందర్నీ నడవమన్నాడు. మంత్రసాని విద్య గదిలో అబ్లావి ప్లాస్టిక్ పాపాయికి స్నానం చేయిస్తోంది. పక్కన ఆ పిల్ల నోటు పుస్తకం తెరిచి ఉంది. ఒఫోరివా దాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఇవేమిటి, అన్నీ చిన్న చిన్న గళ్ళు? మన పుస్తకాల్లో గీతలుంటాయి కదా."

అటువైపు బళ్ళలో వాడేవి గళ్ళ పుస్తకాలు. గదిలో ఉన్న అందరికీ తెలుసు, ఆమెకి తప్ప. క్పోడో కిటికీలోంచి బయటి మామిడిచెట్టుని చూడటం మొదలుపెట్టాడు.

"సంతలో చవగ్గా దొరుకుతాయి మేడమ్," అంది అబ్లావి.

"అక్షరాలు భలే కుదురుగా ఉన్నాయి. మీ ఇల్లెక్కడ?"

అబ్లావి కఫుయిని చూసింది. కఫుయి పాపాయిని చూస్తోంది. ఆ బుధవారం తలుపు వేసి వెళ్ళాక వాళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు. తన పేరు ఎక్కడికి వెళ్ళిందో, ఎక్కడ ఆగిందో ఆ పిల్లకి తెలియదు.

"మా మామయ్య ఇల్లు సంత వెనక మేడమ్."

"అయితే దగ్గరే."

"దగ్గరే. నడిచొస్తాను. వానొస్తే పరిగెత్తుకొస్తాను."

ఒఫోరివా నవ్వి, పాపాయి తల పట్టుకున్న తీరు బాగుందని మెచ్చుకుని ముందుకి సాగింది.

చివరగా కఫుయి గది. అరవై ఒక్క ఫోటోలనీ వరసగా చూసింది. ఎదురు కుర్చీలో కూచుని ఫారం తెరిచింది. మేం నలుగురైదుగురం గోడకి ఆనుకుని నిలబడ్డాం, కరచాలనాల కింద.

"ఆరో గడి. విదేశీ విద్యార్థులు?"

కఫుయి తన బల్లని చూసింది. బల్ల మీద ఏమీ లేదు, పొద్దున్నే అన్నీ సర్దేసింది. తలుపువైపు చూసింది. తలుపు తెరిచే ఉండటం వల్ల ఆమె పేరు గోడవైపుకి తిరిగి ఉంది.

"సున్నా," అంది.

"సున్నానా? అరవై ఒక్క ఒప్పందాలకి?"

"అవునండి."

"ఇన్నేళ్ళూ మీరేం చేశారు?"

"ఫోటోలు తీయించాను."

ఒఫోరివా ఆమెని ఒకసారి పరకాయించి చూసింది. వెటకారం కాదని తెలుసుకుని కొంచెం మెత్తబడింది. "అది కాదమ్మా. మీరు సరిహద్దుకి మూడు మైళ్ళలో ఉన్నారు. ఎక్కడో నార్వే దేనికి? అటువైపునుంచి ఒక్కరినైనా రప్పించుకోలేకపోయారా?"

"ప్రయత్నించలేదండి," అంది కఫుయి. "ఆలోచన రాలేదు."

అది కూడా నిజమే.

"ఏడో గడి, విదేశీ సిబ్బంది?"

"ఎవరూ లేరు," అన్నాడు క్పోడో, ఆమెకంటే ముందే. ఆ రోజు ఆయన సొంతంగా అన్న మాట అదొక్కటే.

నివేదిక జనవరిలో వచ్చింది. పూర్తి హోదా వాయిదా. పొరుగు దేశంతో ఈ సంస్థకి ఎలాంటి సంబంధమూ లేకపోవడం విచారకరమనీ, స్థానికులు అటువైపు ప్రజలతో పరిచయం పెంచుకోవాలనీ మండలి సూచించింది. ఆ సూచన నోటీసు బోర్డులో పెట్టారు. పిల్లలు గుంపులుగా నిలబడి చదివారు. ఎవరో కింద పెన్సిలుతో "ప్రయత్నిస్తాం" అని రాశారు.

విదేశీ సంబంధాల కార్యాలయం మార్చి ఆఖరున మూసేశారు. ఆ గదిలోకి జిరాక్సు మిషను వచ్చింది. ఫోటోలు గ్రంథాలయానికి చేరాయి, వాటిని పెట్టడానికి నేను రెండు అరలు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. జాబితా కూడా ఆమె నాకే ఇచ్చింది, ఎవరూ తియ్యనిచోట పెట్టమంది. ఆమె కార్యాలయపు వార్షిక నివేదికల మధ్య పెట్టాను. నేను రిటైరయ్యేదాకా దాన్నెవరూ ముట్టుకోలేదు.

తలుపు మీది పేరుపలక విప్పేటప్పుడు కఫుయి దగ్గరుండి స్క్రూలు పట్టుకుంది. నాలుగు. జేబులో వేసుకుని, పలక ఏం చెయ్యాలని నన్నడిగింది. మర్నాడు చూస్తే అబ్లావి తల్లి అబొలో గంప మీద ఈగలు వాలకుండా మూతలా ఉంది. ఎలా వెళ్ళిందో నేనడగలేదు. ఆవిడ పేరు వేరే గానీ అటుగా వచ్చే కొత్తవాళ్ళు కొంతకాలం ఆవిణ్ణి కఫుయి అని పిలిచేవాళ్ళు.

క్పోడో ఆ ఏడాది అడిస్ అబాబా సభలో, సరిహద్దు విశ్వవిద్యాలయాలకి విదేశీ విద్యార్థులు ఎందుకు రావడం లేదన్న దాని మీద వ్యాసం చదివాడు. దీని మీద మరింత పరిశోధన జరగాలని తేల్చాడు. చప్పట్లు బాగా కొట్టారట. ఇరవయ్యో బిళ్ళ తెచ్చుకున్నాడు. తరవాతి బదిలీ అయ్యేదాకా ఆయన విదేశీ విద్యార్థుల గురించి మళ్ళీ ఎత్తలేదు. వర్షాకాలంలో ఇనుప గొట్టం దగ్గర రోడ్డు తెగితే పిల్లల కోసం యూనివర్సిటీ బస్సు అక్కడిదాకా పంపించేవాడు, ఎందుకని ఎవరూ అడగలేదు.

కఫుయిని పరీక్షల విభాగానికి వేశారు. పట్టాల మీద పేర్లు తప్పుల్లేకుండా పడ్డాయా లేదా అని చూడటం పని. నలుగురు కూచునే గది, ఆమెకి కిటికీ లేని మూల. మధ్యాహ్నం అరగంట మాత్రం నా దగ్గరికి వచ్చి కూచోవడం మానలేదు.

"పని ఎలా ఉంది?" అన్నాను మొదటి వారం.

"బాగుంది. పట్టా మీద పేరుంటుంది, చదువుంటుంది, క్లాసు ఉంటుంది. సొంతూరు గడి లేదు."

ఆ ఏడాది చివర్లో అబ్లావి పట్టా ఆమె చేతిమీదుగానే వెళ్ళింది. ఇరవై కాన్పులు, ఫస్టు క్లాసు. తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆ పిల్ల కాగితాన్ని కిందికీ మీదికీ చూసి, "త్సోగ్బేలో ఒక అక్షరం ఎక్కువైందేమో అక్కా," అంది.

"లేదు. మూడుసార్లు చూశాను."

"నాలుగోసారి చూడు. విదేశీ పేర్లు కష్టం."

కఫుయి కాగితం తీసుకుని, మొహం ఎక్కడా కదలకుండా, నాలుగోసారి చూసింది. సరిగానే ఉందని తిరిగి ఇచ్చింది. అబ్లావి వెళ్ళబోతూ వెనక్కి వచ్చి, ఆదివారం అమ్మ భోజనానికి రమ్మందని చెప్పింది.

కఫుయి రిటైరయ్యే నాటికి, ఆ జాబితాలోని మూడు వందల పన్నెండు మందిలో రెండు వందల తొంభై ఏడుగురు పట్టాలు పుచ్చుకున్నారు. ఈ లెక్క ఆమె ఆఖరి రోజున నాకు చెప్పింది. మిగతా పదిహేను మంది ఏమయ్యారని అడిగాను.

"వాళ్ళు సొంతంగా ఫెయిలయ్యారు," అంది. "ఆ నాయనమ్మని మూడుసార్లు పూడ్చినవాడు కూడా."

"ఎందులో?"

"హాజరులో," అని, కోజోకోఫే వెళ్ళడానికి సంచి తీసుకుని లేచింది. అయిదున్నర అయింది, గొట్టం దించడానికి ఇంకా అరగంట ఉంది.